పదకొండుగురి కొలువు

భువనవిజయ ప్రదర్శనం చూడని తెలుగువారు అరుదు. ఏ కళాశాల వార్షికోత్సవంలోనో, ఏ సాహితీసమితి వేదికమీదనో ఎనమండుగురు పండితులు తలపాగాలు చుట్టి, శాలువలు కప్పుకొని, ఒకరు పెద్దనగాను, ఒకరు తిమ్మనగాను, మరొకరు ధూర్జటిగాను కొలువుదీరి పద్యాలు వినిపిస్తారు. ఆ ఎనమండుగురిలో పింగళి సూరన, రామరాజభూషణుడు రాయలవారికి తరువాతి కాలంవారని చరిత్రకారులు చిరకాలంగా చెప్పుతూనే ఉన్నారు. అయినప్పటికీ సభలో ఎవరూ లేచి, ‘సూరనగారిని దింపివేయండి’ అని అడ్డు చెప్పిన దాఖలా లేదు. ఒకచోట ఏనాడూ కూర్చొని ఎరుగని మహానుభావులను ఒక్క కొలువులో కూర్చుండబెట్టడం, ఆపైన వారిలో ఎవరు మిన్న అని తర్కించుకోవడం మనవారికి పాత అలవాటే.

ఈ సంగతి నాకు జనగామ రైలుస్టేషనుకు ఎదుటి ఒక చాయ్ హోటలులో జ్ఞాపకం వచ్చింది. అక్కడ కొలువుదీరినవారు కవులు కారు, ఫుట్‌బాలు ఆటగాళ్ళు. వారి సంఖ్య ఎనిమిది కాదు, పదకొండు.

వృద్ధుల జ్ఞాపకాలను రికార్డు చేసే నిమిత్తం నేను జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణాలలో కొన్ని దినాలు తిరిగాను. పూర్వం వరంగల్లు జిల్లాలో భాగాలైన ఈ మూడూ 2016 అక్టోబరు 11న వేరువేరు జిల్లాలకు ముఖ్యపట్టణాలైనవి. నేను వెళ్ళింది పాత రైళ్ళ ముచ్చట్లకోసం, కరువుకాలపు కథలకోసం. కాని 2024లో విడుదలయిన ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం హైదరాబాదు ఫుట్‌బాలు గురువు రహీంగారి పేరును మళ్ళీ నలుగురి నోట పలికించింది. తత్ఫలితంగా, కరువును గూర్చి అడిగితే హాఫ్‌బాకులను గూర్చి చెప్పే పెద్దలు నాకు తటస్థపడ్డారు. వారు చెప్పుకొనేది ఒక్కటే జట్టు మాట: హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. దానిలో అన్ని కాలాలకూ చెందిన ఉత్తములను ఏరి పదకొండుగురితో ఒక జట్టును కట్టవలెనంటే, ఎవరిని ఉంచాలి? ఎవరిని విడవాలి?

వినోదంగా కనిపించే ఈ ప్రశ్నలో ఎంత చరిత్ర ఇమిడి ఉన్నదో చెప్పడమే నా ఉద్దేశం. ముందుగా ఆ జట్టును గూర్చి నాలుగు మాటలు, యువకులైన పాఠకులకోసం.

మన దేశపు ఫుట్‌బాలు పోటీలలో మిక్కిలి పాతది 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరాండ్ కప్పు. 1891లో బొంబాయిలో ఆరంభమైన రోవర్స్ కప్పు ఆ తరువాతి పాతకాలపు పోటీలలో ముఖ్యమైనది. మొదట ఇవి తెల్లవారి పటాలాల వేడుకలు. పిదప కలకత్తా జట్లు వాటిలో ప్రవేశించి పేరు తెచ్చుకొన్నవి. ఇట్టి స్థితిలో, సముద్రం లేని, బ్రహ్మాండమైన క్లబ్బుల ధనబలం లేని హైదరాబాదునుండి జీతగాండ్రయిన పోలీసు జవానుల జట్టొకటి బయలుదేరి, 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు రోవర్స్ కప్పును ఇంటికి తెచ్చింది. ఐదేండ్లు! ఈ సంఖ్యను ఉచ్చరించేటప్పుడు జనగామ పెద్దాయన అయిదు వేళ్ళూ విప్పి నా ముఖం ముందు పెట్టాడు. 1950లో ఢిల్లీలో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును, 1954లో తిరిగి అదే కప్పును గెలిచింది ఈ జట్టే. 1957లో ఆ రెండు కప్పులూ మళ్ళీ హైదరాబాదుకే చేరినవి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత జట్టు ఆంధ్ర పోలీసు పేరు దాల్చి, 1960లో రోవర్స్, 1961లో డ్యూరాండ్, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి ఉమ్మడిగా రోవర్స్, 1963లో మరల రోవర్స్ కప్పు గెలిచింది. పేరు మారినా తాలీము మారలేదు, గురువు మారలేదు.

ఆ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, పాఠశాలలో ఉపాధ్యాయుడుగా జీవితం ఆరంభించిన ఈయన ఇరవై ఏండ్లపాటు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘానికి కార్యదర్శి. 1950 మొదలు భారత జట్టుకు శిక్షకుడు. ఈయన ఆధ్వర్యంలో మన దేశం 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకం గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందింది. 1963 జూన్ 11న, జకార్తా విజయానికి ఏడాదియైనా నిండకముందే, కాన్సరు వ్యాధితో కన్నుమూశాడు.

ఇక కొలువులోకి పోదాము.

జనగామ పెద్దాయన రైల్వేలో పనిచేసి విరమించినవాడు. వయస్సు ఎనభై దాటింది. పదునాలుగు, పదునైదేండ్ల ప్రాయంలో మేనమామ వెంట పాసింజరు బండిలో సికింద్రాబాదు వెళ్ళి, అక్కడినుండి నడిచి మైదానం చేరి, తాడుకట్టిన గీతకు ఇవతల నేలమీద కూర్చుండి ఆటలు చూచినాడట. ఆయన పట్టికకు ఒక్కటే నియమం. సిటీ పోలీసు చొక్కా తొడిగినవాడికే కొలువులో చోటు. ‘ఊరు మనదే, కాని చొక్కా వేరు’ అన్నవారిని గుమ్మం దగ్గరే ఆపివేస్తాడు. ఆయన మొదట పలికిన పేరు నూర్ మహమ్మద్. ఇతడు హాఫ్‌బాకు. 1952లో హెల్సింకీకి, 1956లో మెల్బోర్నుకు వెళ్ళిన రెండు ఒలింపిక్ జట్లలోనూ ఉన్నవాడు. ఆ వెంటనే ఫుల్‌బాకు అజీజుద్దీన్. ఇతడు కూడ ఆ రెండు ఒలింపిక్సులు చూచినవాడే. పిదప ముందువరుసలో మొయినుద్దీన్, లాయిక్, మెల్బోర్ను వెళ్ళినప్పటికి ఇంకా నూనూగు మీసాల ప్రాయంలో ఉన్న జుల్ఫికారుద్దీన్, ఆంధ్ర పోలీసు కాలంలో యూసుఫ్ ఖాన్.

యూసుఫ్ ఖాన్ పేరు రాగానే హోటలులోని నలుగురూ ఒక్కసారి మాట్లాడసాగారు. 1960లో రోము ఒలింపిక్సు, 1962లో జకార్తా, 1966లో అర్జున పురస్కారం. ఇతణ్ణి ఎక్కడ నిలబెట్టినా ఆడేవాడు. ముందువరుసలోను ఆడాడు, వెనుకనూ ఆడాడు. అందువల్లనే ఇతణ్ణి ఎక్కడ పెట్టవలెనో ఏ పట్టికలోనూ తేలదు. సర్వసమర్థుడికి ఇల్లు దొరకదన్న మాట ఇట్టివారికే చెల్లునేమో.

ఇంతవరకు అందరూ ఏకగ్రీవమే. తగవు బలరాం దగ్గర మొదలయింది.

తులసీదాస్ బలరాం సికింద్రాబాదు శివారు అమ్ముగూడలో పుట్టిన తమిళ కుటుంబపు పిల్లవాడు. బూట్లు కొనే స్తోమతు లేక, పోలీసులు పారవేసిన పాత బూట్లను చెప్పులు కుట్టేవాని చేత ఆటబూట్లుగా మార్పించుకొన్నాడని చెప్పుకొంటారు. రహీంగారి కంటబడి, సిటీ పోలీసు జట్టులో కొద్దికాలం ఆడి, 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయాడు. మెల్బోర్ను, రోము ఒలింపిక్సులు, జకార్తా స్వర్ణపతకం, 1962లో అర్జున పురస్కారం అతని యశస్సు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలోనే మరణించాడు. ఎడమప్రక్క ఫార్వర్డుగా అతనికి సాటి మన దేశంలో అరుదని ఆట తెలిసినవారందరు అంటారు. కాని సిటీ పోలీసు చొక్కాలో అతడు గడిపింది ఎంతకాలం? ‘సుట్టం లెక్క వొచ్చి పోయినోడు సారూ’ అన్నాడు పెద్దాయన. ‘గట్లని పక్కకు పెడ్దామంటే మనసొప్పది’ అని మళ్ళీ తానే అన్నాడు. ఆనాడు ఆ స్థానాన్ని ఖాళీగానే ఉంచాడు.

రెండవ మజిలీ మహబూబాబాదు. పాతవారు దానిని నేటికీ మానుకోట అనే పిలుస్తారు. అక్కడ నాకు కనిపించిన పెద్దమనిషి పదవీ విరమణ చేసిన బడిపంతులు. ఈయన సిటీ పోలీసు ఆటను కంటితో చూడలేదు. తండ్రి చెప్పగా విన్నాడు. పత్రికల ముక్కలు కత్తిరించి నోటుపుస్తకంలో అంటించాడు. పెద్ద పోటీల వ్యాఖ్యానాన్ని రేడియోలో విన్నాడు. మా శాఖవాణ్ణి కాబట్టి ఈ చివరిమాట నన్ను సంతోషపెట్టిందని దాచను. చూచినవాడికి చొక్కా ముఖ్యమైనట్లు, విన్నవాడికి పేరు ముఖ్యం. ఈయన పట్టికలో నియమం వేరు: హైదరాబాదు వీధులలో బంతి తన్నడం నేర్చినవాడు ఎవడైనా హైదరాబాదీయే, ఏ చొక్కా తొడిగినా సరే. ‘మీరు అంగీని చూస్తున్నారు. నేను పిల్లవాడు ఆట నేర్చిన గల్లీని చూస్తాను’ అన్నాడు.

ఈ నియమంతో తలుపు బార్లా తెరచినట్లయింది. మొదట లోపలికి వచ్చినవాడు పీటర్ తంగరాజ్. హైదరాబాదులో పుట్టి, సికింద్రాబాదు క్లబ్బులలో ఆడి, మద్రాసు రెజిమెంటులో చేరిన ఈ ఆజానుబాహువు 1956, 1960 ఒలింపిక్సులలో మన గోలుకీపరు. జకార్తా ఫైనలులో గోలు కాచినవాడు ఇతడే. 1967లో అర్జున పురస్కారం పొందాడు. ఒక్కరోజు కూడ సిటీ పోలీసు చొక్కా తొడగలేదు. తరువాత 1970 బాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యపతకం గెలిచిన జట్టు నాయకుడు నయీముద్దీన్. ఆ తరువాత హబీబ్. 1949లో హైదరాబాదులో పుట్టి, 1966లో కలకత్తా చేరి, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటిలోను ఆడి, 1977 సెప్టెంబరు 24న ఈడెన్ ఉద్యానంలో పెలేకు ఎదురుగా నిలిచినవాడు. ఆనాడు మోహన్ బగాన్‌కు, న్యూయార్కు కాస్మోస్‌కు జరిగిన ఆట 2-2తో సమమైనది. పెలే ఆడిన ఆటను మన హైదరాబాదీ సమం చేశాడని పంతులుగారి లెక్క. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాదులో కన్నుమూశాడు.

ఈ రెండవ పట్టిక మొదటిదానికన్న బలమైన జట్టని నేను నిస్సంశయంగా ఒప్పుకొంటాను. కాని ఎరువుసొమ్ము బరువుచేటు అన్నారు. తంగరాజు గోలులో నిలబడగానే అది సిటీ పోలీసు జట్టు కాకుండా పోతుంది. ఆ రెండు పట్టికల నడుమ ఉన్న వ్యత్యాసమే, నా దృష్టిలో, అసలైన చరిత్ర. ఎందువల్ల మన పిల్లలు వెళ్ళిపోయారు?

సిటీ పోలీసు జట్టుకు పునాది ఉద్యోగం. బాగా ఆడే పేదపిల్లవానికి జవాను కొలువు ఇస్తారు. నెలజీతం, ఇంటికి బియ్యం, వృద్ధాప్యంలో పెన్షను. ఇంత భద్రత కలిగినందువల్లనే అయిదారేండ్లు అవే కాళ్ళు కలిసి ఆడి, ఎవరు ఎక్కడికి పరుగెత్తుతారో కన్నెత్తి చూడకుండానే తెలిసేంత పొత్తు కుదిరింది. కలకత్తాలో వేరు. అక్కడ క్లబ్బులకు లక్షలాది అభిమానులు, కొనుక్కొనే స్తోమత. ఈస్ట్ బెంగాల్‌వారు 1950 ప్రాంతాన తమ ముందువరుస ఐదుగురిని పంచపాండవులని పిలుచుకొన్నారు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే ఆ ఐదుగురిలో బెంగాలీవాడు ఒక్కడైనా లేడు. అప్పారావన్న పేరు వినగానే మన చెవి నిక్కడం సహజం. కలకత్తావారు దక్షిణాదినుండి ఏరుకొన్నారు. మనవాళ్ళు అక్కడ పేరు పొందారు. సిటీ పోలీసులో ఆడి మెల్బోర్ను వెళ్ళివచ్చిన అహ్మద్ హుస్సేన్ కూడ ఈ దారినే కలకత్తా క్లబ్బులకు తరలినవాడే. జవాను జీతంమీద అయిదు కప్పులు గెలిచిన ఊరు, క్లబ్బుల మూటల ముందు తన పిల్లలను నిలుపుకోలేకపోయింది. ఎవరిని నిందించగలము? పేదయింటి పిల్లవాడు పదిరూపాయలు ఎక్కువ వచ్చేచోటికి పోవడం తప్పు కాదు. నష్టం మాత్రం నష్టమే.

మూడవ మజిలీ భూపాలపల్లి. దానికి రైలు లేదు. వరంగల్లునుండి రోడ్డుమీద పోవలెను. కాకతీయ ఖని పేరుగల సింగరేణి బొగ్గుగనులు ఆ ఊరిని పట్టణం చేసినవి. అక్కడ కొలువు షిఫ్టుల ప్రకారం నడుస్తుంది. మొదటి షిఫ్టు దిగినవారు సాయంత్రం చెట్టుక్రింద చేరితే, రాత్రి షిఫ్టువారు పనికి పోతూ ఆగి రెండు మాటలు రువ్వి పోతారు. నడివయసువారు, పడుచువారు. వీరిలో ఎవ్వరూ 1950 నాటి ఆట చూచినవారు కారు. 1974లో బాంకాక్‌లో ఇరానుతో కలిసి ఆసియా యువజన కప్పు గెలిచిన జట్టు నాయకుడు షబ్బీర్ అలీ వారికి పురాణపురుషుడు. 2022లో ఇండియన్ సూపర్ లీగు గెలిచిన హైదరాబాదు ఎఫ్‌.సి. కూడ వారికి తెలుసు. కాని ఆ జట్టులో మన గల్లీలలో పుట్టి పెరిగినవారిని వెదకవలసి వచ్చిందని వారే అన్నారు.

వీరి పద్ధతి మిగిలిన ఇద్దరి పద్ధతికన్న గడుసైనది. ఒక జట్టు కాదు, రెండు కట్టారు. 1950నుండి 1954 వరకు ఆడినవారు ఒక ప్రక్క, 1957నుండి 1963 వరకు ఆడినవారు ఇంకొక ప్రక్క. రెండింటికీ పోటీ పెట్టితే గెలుపెవరిది? కాగితంమీద బంతి వేసి, అటు అయిదు రోవర్స్ కప్పులు, రెండు డ్యూరాండులు. ఇటు ఉమ్మడిదానితో కలిపి నాలుగు రోవర్స్, రెండు డ్యూరాండులు అని లెక్క తీశారు. లెక్కలో పాతవారిదే పైచేయి.

అప్పుడే ఒక యువకుడు అడిగిన ప్రశ్న నన్ను ఆలోచింపజేసింది. ‘అన్నా, నూర్ మహమ్మద్‌ను యాడ నిలబెడ్తవ్?’ అని.

ఇది చిలిపిప్రశ్న కాదు. సిటీ పోలీసు మొదటి కప్పు గెలిచిన రోజులలో ఆట పాతపద్ధతిలో సాగేది. గోలుకీపరు ముందు ఇద్దరు బాకులు, వారి ముందు ముగ్గురు హాఫ్‌లు, ఆ ముందు ఐదుగురు ఫార్వర్డులు. హాఫ్ అంటే జట్టుకు నడుము. వెనుక కాపలా, ముందుకు సరఫరా రెండూ అతనివే. 1953లో హంగరీ జట్టు వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో ఓడించిన తరువాత ప్రపంచమంతటా ఈ కూర్పు మారసాగింది. రహీంగారు ఆ మార్పును గమనించి, ఆకళించుకొని, తన శిష్యులకు నేర్పాడు. 1950 దశకం చివరికి వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు అనే కూర్పును మన దేశంలో అలవాటు చేసిన ఘనత ఆయనదే. 1958లో బ్రెజిల్ ప్రపంచకప్పు గెలిచింది ఆ కూర్పుతోనే. కనుక, నూర్ మహమ్మద్ నిలబడిన చోటు, అతని శిష్యప్రాయులు ఆడేనాటికే లేకుండా పోయింది. నేటి కూర్పులో అతణ్ణి వెనుకకు జరపవలెనా, నడుమ నిలపవలెనా? లేని గదికి అద్దెదారును వెదకినట్లే ఉంటుంది.

మరొక చిక్కు. మన దేశంలో ఆనాడు ఆటకాలం 70 నిమిషాలే, తొంభై కాదు. చాలామంది బూట్లు లేకుండానే ఆడేవారు. 1952లో హెల్సింకీలో చలినేలమీద యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిన తరువాతనే బూట్ల అవసరం మనవారికి గట్టిగా తెలియవచ్చింది. ఆ పరాజయం చవిచూచిన జట్టులోనివాడు నూర్ మహమ్మద్. నాలుగేండ్లకు మెల్బోర్నులో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనలుకు చేరిన జట్టులోనివాడూ అతడే. ఈ నాలుగేండ్ల దూరాన్ని ఒక్క మనిషి కాళ్ళతో కొలువవచ్చును. ఇట్టివాణ్ణి నేటి ఆటగాడితో పోల్చడానికి ఏ తూకపురాయి పనికివస్తుంది?

రహీంగారి తూకపురాళ్ళు వేరుగా ఉండేవట. కుడికాలివాటం ఆటగాళ్ళకు ఎడమకాలితో కొట్టిన గోలే చెల్లుతుందని పోటీలు పెట్టేవాడు. బంతిని దగ్గర ఉంచుకోకుండా, ఒక్క తాకుడుతో అందించవలెనని మరొక పోటీ. ఇట్లు పెంచిన శిష్యుడు తన బలంకన్న తన బలహీనతను ఎక్కువగా ఎరిగి ఉంటాడు. పట్టికలు కట్టేవారు బలాలనే చూస్తారు. పదకొండుగురు మేటివీరులను ఒకచోట చేర్చితే జట్టయిపోతుందనుకొంటారు. పదకొండుగురు నాయకులున్న నాటకం ఎవరు చూస్తారు? మహబూబాబాదు పంతులుగారి పట్టికలో ఐదుగురు ఫార్వర్డులు గోలు కొట్టడానికే పుట్టినవారు, వారికి బంతి అందించేవాడు ఒక్కడు. రహీంగారే వచ్చి చూస్తే ఇద్దరిని దింపివేస్తాడని నేనంటే, ఆయన పంతులు గనుక, మరొక పంతులు మాట కాబట్టి ఒప్పుకొన్నాడు.

నేను తిరిగి వచ్చి, మూడు పట్టికలను బల్లమీద పరచుకొని చూచినప్పుడు మరొక సంగతి కంటబడింది. మూడింటిలోనూ కలిసిన పేర్లన్నీ ఒలింపిక్సుకో, ఆసియా క్రీడలకో వెళ్ళినవారివే. కారణం స్పష్టమే. విదేశాలకు వెళ్ళిన జట్ల వివరాలు అచ్చులో నిలిచినవి. హైదరాబాదు మైదానంలో లీగుపోటీ ఆడినవాని పేరు మర్నాటి పత్రికతోనే చుట్టుబడి పోయింది. ఆ ఆటలకు చలనచిత్రాలు లేవు. కాబట్టి మనం మేటివారని ఎంచుకొంటున్నది నిజంగా మేటివారినా, లేక పేరు మిగిలినవారినా అన్న శంక కలుగక మానదు. పెద్దనకు కావ్యం మిగిలింది కనుక పెద్దన మిగిలాడు. రాయలవారి సభలో ఆశువుగా చెప్పి, తాళపత్రం కెక్కించని కవి ఒకడుంటే వాడి గతి ఏమిటి?

ఈ మాట జనగామ పెద్దాయన నాకన్న ముందే, నాకన్న సూటిగా అన్నాడు. నేను ఆయన పట్టికను వ్రాసుకొంటూ, రెండు మూడు పేర్ల దగ్గర, ‘ఈయన ఒలింపిక్సు వెళ్ళాడా?’ అని అడిగాను. ఆయనకు కోపం వచ్చింది. ‘విమానమెక్కినోళ్ళే ఆడిన్రా సారూ? గీడనే ఆడి, గీడనే డ్యూటీ చేసి, గీడనే రిటైరైనోళ్ళు ఆటగాళ్ళు కారా? పదకొండు మంది ఆడితే కప్పొచ్చింది. ముగ్గురాడితే రాలే’ అన్నాడు.

నాకు జవాబు దొరకలేదు. ఐదేండ్లు వరుసగా కప్పు గెలిచిన జట్టులో నాలుగైదు పేర్లే మనకు మిగలడం న్యాయం కాదు. ఆయన చెప్పిన ఆ తక్కిన పేర్లు, ఒక్కొక్కరు ఏ చోట ఆడేవారో, ఎవరు ఏ కాలితో కొట్టేవారో, ఎవరు ఆట ముగియగానే యూనిఫారం తొడుక్కొని గస్తీకి పోయేవారో, అన్నీ ఆయన గొంతులోనే రికార్డు చేసి భద్రపరచాము. ఆ వివరాలు ఏ కప్పుమీదనూ చెక్కి ఉండవు. కాలక్షేపపు తగాదా అనుకొన్న ముచ్చట లేకపోతే ఆయన వాటిని ఎప్పటికీ ఎవరికీ చెప్పి ఉండేవాడు కాడు. ‘మీ కాలంలో ఫుట్‌బాలు ఎట్లుండేది?’ అని అడిగితే, ‘మంచిగుండె’ అన్న ఒక్కమాట వచ్చేది. ‘నూర్ మహమ్మద్ ప్రక్కన ఎవరిని పెట్టవలె?’ అని అడిగినందువల్ల గంటన్నర చెప్పాడు.

నా పట్టిక ఏమిటని మీలో కొందరు అడుగవచ్చును. నేను చొక్కా పక్షమే. తంగరాజును గౌరవించి గుమ్మం వెలుపలనే నిలుపుతాను. హబీబును కలకత్తావారికే వదలుతాను, మనసు చంపుకొని. అజీజుద్దీన్ వెనుక, నూర్ మహమ్మద్ నడుమ, యూసుఫ్ ఖాన్ తనకు తోచినచోట. ఈ మూడు స్థానాలలో నాకు సందేహం లేదు. మిగిలినవాటిని విమానమెక్కని వారికే ఉంచాను. ఒక్క ఎడమప్రక్క తప్ప.

దానినిగూర్చి పోయిన నెల జనగామనుండి ఫోను వచ్చింది. పెద్దాయనే.

‘సారూ, బలరాం ముచ్చట తెంపిన. మొదటి ముప్పైఅయిదు నిమిషాలు బలరాం, తర్వాత ముప్పైఅయిదు లాయిక్’ అన్నాడు.

ఆ కాలపు నియమాలలో ఆట నడుమ ఒకరిని దింపి మరొకరిని దింపే వెసులుబాటు లేదనీ, ప్రపంచకప్పులో సైతం అది 1970లో గాని రాలేదనీ నేను వినయంగా మనవి చేశాను.

‘ఆడేది మన నోట్ల గదా సారూ, అడ్డం జెప్పనీకి రిఫరీ ఎవడున్నడు?’ అని, చాయ్ చల్లారుతున్నదంటూ ఫోను పెట్టివేశాడు.